ఉప్పు తగిలినా మండని మచ్చలు

ఆ రోజు వాన వచ్చేలా ఉందని ఒడ్డున ఆరేసిన చేపలన్నీ హడావిడిగా ఎత్తుతున్నాం. తట్ట అందిస్తూ మా అత్త నా చేతులు చూసి, "ఏంటే ఆ మచ్చలు?" అంది. రెండు అరచేతుల్లోనూ రాగిరంగు మచ్చలు. అరికాళ్ళలోనూ ఉన్నాయి. "ఉప్పుపుళ్ళే అత్తా, ఇంకేంటి?" అన్నాను. మా ఉప్పాడలో చేపలకు ఉప్పు పట్టించే ఆడవాళ్ళందరికీ చేతులు పుళ్ళు పడతాయి. కొబ్బరినూనె రాసుకుని మళ్ళీ పనిలోకి దిగడమే. నేనూ అదే చేశాను.

అప్పటికి నాకు అయిదో నెల. అంతకు ముందు బిడ్డ కడుపులోనే చనిపోయింది. అందుకని ఈసారి కాసేపు కదలిక తెలియకపోతే చాలు, నా పైప్రాణాలు పైనే పోయేవి. గొంతులో కూడా పుండు లేచి మెతుకు దిగకపోయేసరికి, అత్త బండి కట్టించి కాకినాడలో ఆడవాళ్ళ ఆసుపత్రికి తీసుకెళ్ళింది.

అక్కడ డాక్టరు ఒక దొరసాని. కడుపుతో వచ్చిన మనిషి షావుకారు గారి భార్య అయినా, కూలిమనిషి అయినా ఒకే తీరుగా చూసేది. ముందు అరచేతులు, తర్వాత గొంతు, ఆ తర్వాత తెర వెనక్కి. పరాయి మనిషికి చూపించుకోవడం కంటే చావే నయమనుకున్నాను. నర్సమ్మ మనవైపు మనిషే. "అందర్నీ ఇలాగే చూస్తారమ్మా, నిన్నొక్కదాన్నే కాదు," అంటూ నా చెయ్యి వదలలేదు.

చూడటం అయ్యాక దొరసాని, "ఉప్పు తగిలితే ఈ మచ్చలు మండుతాయా?" అని అడిగింది.

నా అరచేతులకేసి చూసుకున్నాను. ఉప్పుపుండు ఎలా మండుతుందో నాకు తెలియదా! వీటికి ఒక్కనాడూ మంట లేదు. రోజూ ఉప్పులో చేతులు పెడుతూ కూడా ఆ సంగతి పట్టించుకోలేదు.

"ఇది సిఫిలిస్. ముందు బిడ్డ పోవడం కూడా దీనివల్లే అయ్యుంటుంది. మీ ఆయన్ని తీసుకురా, ఇద్దరూ మందు వాడాలి," అంది దొరసాని. అంటే సవాయి రోగమని నర్సమ్మ మెల్లగా చెప్పింది. తెచ్చింది ఎవరైనా మా పేటలో నింద పడేది ఆడదాని మీదే. ఇంట్లోంచి గెంటేస్తే ఈ కడుపుతో ఎక్కడికి పోవాలి? బయట కూర్చున్న అత్తతో గొంతు పుండుకు మందిస్తారట అని మాత్రం చెప్పి, ఇంటికి వచ్చేశాను.

మా ఆయన ఓడ పనికి రంగూన్ వెళ్ళొచ్చిన మనిషి. సంగతి చెబితే, "నాకేంటి రోగం? అక్కడ చిన్న పుండు లేచింది, దానంతటదే మానిపోయింది," అన్నాడు. ఒళ్ళు మండింది. కానీ కోపం కంటే భయమే ఎక్కువగా ఉంది. ముందు బిడ్డను పాతిపెట్టిన ఇసుకను అప్పటికే సముద్రం కోసుకుపోయింది. "ఇంకో బిడ్డను పెట్టడానికి ఆ ఒడ్డు కూడా లేదు మావా," అన్నాను. మర్నాడు వేటకు పోకుండా నాతో బండెక్కాడు.

ఆసుపత్రిలో ఇచ్చిన మెర్క్యురీ మలాము ఇద్దరం రోజూ ఒంటికి రుద్దుకునేవాళ్ళం. నాకు చిగుళ్ళు వాచి నెత్తురు కారింది. చొంగ ఆగేది కాదు. ఈ మందే బిడ్డను చంపేస్తుందేమోనని ఏడ్చాను. "డోసు తగ్గిస్తాను, నువ్వు మాత్రం మానెయ్యకు," అంది దొరసాని. పళ్ళు రెండు ఊడిపోయాయి. మచ్చలు మాసిపోయాయి.

కాన్పు కూడా ఆ ఆసుపత్రిలోనే అయింది. ఏడుపు వినపడగానే ఆడా మగా అని అడగలేదు. "చేతులు చూపించండి, అరికాళ్ళు చూపించండి," అని అరిచాను. "శుభ్రంగా ఉన్నాయమ్మా," అంది నర్సమ్మ. నమ్మలేక, మూసుకున్న ఆ గుప్పిళ్ళు నేనే విప్పి చూసుకున్నాను.

ఇన్నేళ్ళయినా చెయ్యి కడిగినప్పుడల్లా అరచేతిని వెలుగులో పెట్టి చూసుకుంటాను. భయం పూర్తిగా పోలేదు. అక్కల్లారా, పుండు మండితే నూనె రాసుకోండి. ఉప్పు తగిలినా మండకపోతే మాత్రం ఆసుపత్రికి వెళ్ళండి, మగవాణ్ణి కూడా వెంటబెట్టుకుని వెళ్ళండి.

నాకు రాయడం రాదు. నేను చెబుతుంటే ఆనాటి ఆ బిడ్డే, మా అమ్మాయి, రాస్తోంది. సవాయి అన్న మాట దగ్గర కలం ఆపి, "ఇది కూడా రాయాలా అమ్మా?" అని అడిగింది.

రాయమన్నాను. రాసింది.