మా పిల్ల చేతిరాత

ఆ కబురు నాకు మొదట తెచ్చినవాడు ఇక్కడ అరబ్బు దేశంలో నిజ్వా రోడ్డు పనిలో ఉన్న కోయ తమ్ముడు, మా పక్క గూడెం వాడు. తొంభైల మొదట్లో సెలవుకు ఇంటికి పోయి వచ్చి, నేను ఆయాగా చేస్తున్న సమాయిల్ ఆసుపత్రికి ఒక శుక్రవారం వెతుక్కుంటూ వచ్చాడు.

"అక్కా, మీ వాగొడ్డు చేన్ల పొగాకు పెడ్తమని ట్రాక్టరేసుకొని వచ్చిన్రు. నువ్వే కౌలుకు రాసిచ్చినవంట, కాయితం సూపెట్టిన్రు. మీ గూడెం పెద్దమనిషి ఆఫీసరు ముందట నిలబడి, 'మా పిల్ల చేతిరాత కాదది' అన్నడు. నువ్వు రాయలే గద?"

"లేదు," అన్నాను.

రాశాను. నాన్న పోయాక ఆ చేను నా పేరున పడింది. ఏజెన్సీ భూమి బయటివాళ్లకు పోకూడదని చట్టం ఉంది. చట్టానికి ముందే మా పెద్దల కట్టుబాటు ఉంది: ఊళ్లో లేనివాళ్ల చేను గూడెమంతా కలిసి దున్ని, జొన్నలు పంచుకుంటుంది. అన్నీ తెలిసే సంతకం పెట్టాను. అడిగింది నాకు వీసా తెప్పించి, తన రూమ్‌లో చోటిచ్చిన కోస్తా నర్సు అక్క. కౌలు వాళ్ల తమ్ముడికి. కృతజ్ఞత అనుకున్నాను. నా ఒక్కదానిది కాని దానితో తీర్చుకున్న కృతజ్ఞత.

ఆ సాయంత్రం మోకరిస్తే ప్రార్థన రాలేదు. నిజం చెబితే మా గూడెం పెద్దాయన అబద్ధమాడినట్టు తేలుతుంది. చెప్పకపోతే చేను పోతుంది.

నర్సు అక్కతో అన్నాను, కౌలు రద్దు చేయమని రాస్తానని.

"సంతకమేగా అడిగింది, నీ ప్రాణం అడిగానా? ఇంత చేసినందుకు ఇదా?"

"మీ మేలు మరిచిపోనక్కా."

ఆమె మళ్లీ నాతో కలిసి ప్రార్థనకు కూర్చోలేదు.

నాన్న ఇంట్లో బొగ్గుతో దిద్దించిన అక్షరాలతోనే ఆఫీసరుకు రాశాను. సంతకం నాదే, ఇచ్చే హక్కు నాకు లేదు, మా పెద్దకు ఇదేమీ తెలియదు అని.

కౌలు కొట్టేశారు, దేవునికి స్తోత్రం. కాని నా ఉత్తరం చదివి వినిపిస్తున్నంతసేపూ మా గూడెం పెద్ద తల వంచుకుని నిలబడ్డాడట.

మరుసటేడు సెలవుకు వెళ్తే, పెద్దలందరి ముందు నా వాటా జొన్నలు చేటలో పోసి ఇచ్చాడు.

"ఆఫీసరు మెచ్చుకున్నడు బిడ్డా. నీ రాత మంచిగున్నదంట."

అందరూ నవ్వారు. నేను చేటలోకే చూస్తూ ఉండిపోయాను.

ఇది చదివేవారు ప్రార్థనలో ఆయనను తలచుకోండి. ఆయనకు చదువు రాదు. నా రాత ఎలా ఉంటుందో ఎరగడు. అది నాది కాదని మాత్రం అంత గట్టిగా చెప్పాడు.