కడుపునొప్పి బాబాయికి పోటీ వచ్చిన రోగి

నర్సింగు కళాశాలలో అతని అసలు పేరు ఎవరికీ పట్టలేదు. అందరికీ అతను కడుపునొప్పి బాబాయే. వృత్తి దర్జీపని. వారానికోసారి మాత్రం శిక్షణ గదిలో మంచమెక్కి, లేని నొప్పిని మూలిగి చూపేవాడు. విద్యార్థులు అతని పొట్ట నొక్కి, ప్రశ్నలడిగి, రోగితో మెలగడం నేర్చుకునేవారు. చల్లని చేతులతో తాకితే ఉలిక్కిపడేవాడు. వాళ్లు చేతులు రుద్దుకుని మళ్లీ వచ్చేవారు. కుట్టుమిషను దగ్గర ఎన్నడూ దొరకని గౌరవం ఆ మంచం మీద దొరికేది.

ఈ ఏడు ఆ మంచం గోడవారకు జరిగింది. తలకు తొడుక్కునే వీఆర్ కళ్లజోళ్లు వచ్చాయి. అవి పెట్టుకుంటే ఎదుట ఆసుపత్రి గది, అందులో ఒక బొమ్మరోగి. పిల్లలంతా వాడి చుట్టూ మూగుతున్నారని విన్నప్పటి నుంచి బాబాయికి అన్నం సయించలేదు. ఇక తనను రావద్దంటారేమోనన్న దిగులు ఒకటి.

“మొత్తానికి మీకూ ఓ సవతి తగిలిందన్నమాట,” అంది భార్య, చొక్కాకు బొత్తాలు కుడుతూ.

“వాడసలు మనిషే కాదే.”

“మనిషి కానివాడి మీద ఇంత కుళ్లెందుకో మరి.”

ఉండబట్టలేక ఒకరోజు టీచరమ్మనడిగి ఆ కళ్లజోడు పెట్టుకున్నాడు, వాడిలో వంకలు వెతుకుదామని. వంకలు దొరికాయి కూడా. మూలుగు అరువు తెచ్చుకున్నట్టుంది; చేయి వేస్తే ఒళ్లు తగలదు. నవ్వబోయాడు. అంతలో రోగికి ఊపిరి అందలేదు. పెదవులు నీలమయ్యాయి. ఏం చేయాలో బాబాయికి తోచలేదు. వాడు చచ్చిపోయాడు.

కళ్లజోడు తీసి టీచరమ్మ చేతికిచ్చాడు.

“ఇలా చచ్చి చూపడం నా వల్ల కాదు కదమ్మా,” అన్నాడు.

“కాకూడదు బాబాయ్. ప్రాణం మీదికి తెచ్చే తప్పులు పిల్లలతో మీ మీద చేయించలేంగా. వాడి మీద చేసేస్తే రేపు వార్డులో చేయరు,” అంది టీచరమ్మ. “మీకు వేరే వేషం ఉంది. వాడు పోయిన కబురు వినే అన్నయ్య.”

“అంటే చచ్చినా పెద్ద వేషం వాడిదే.”

అయినా ఒప్పుకున్నాడు. పక్కగదిలో కుర్చీలో కూర్చున్నాడు. బొమ్మరోగిని బతికించలేక, కళ్లజోడు తీసేసి వచ్చిన అమ్మాయి కబురు చెప్పబోయి ఆగింది. వేళ్లు వణుకుతున్నాయి. ఇన్నేళ్లలో తన కోసం ఏ ఒక్కరి వేళ్లూ అలా వణకలేదు. అసూయపడుతూనే బాబాయి అన్నయ్య వేషంలోకి దిగాడు.

“మా తమ్ముడు బాగా బాధపడ్డాడా అమ్మా?”

ఆ అమ్మాయి అతని చేయి పట్టుకుంది. ఆమె చేతులు మంచుగడ్డల్లా ఉన్నాయి. అలవాటు కొద్దీ ఉలిక్కిపడబోయి, బాబాయి ఆపుకున్నాడు.