వెదురు మీద డాంగిల్

ఈశ్వరి దగ్గర నూరు పేజీల నోటుపుస్తకం ఒకటి ఉంది. అందులో ఎర్ర ఇంకుతో ఒక వరుస ఇంగ్లీషులో కంప్యూటరుకిచ్చే ఆదేశం, దాని కింద అదే తెలుగు అక్షరాల్లో: 'సుడో - ఖాళీ - సిస్టమ్ సిటిఎల్ - ఖాళీ - రీస్టార్ట్ - ఖాళీ - మోడెమ్ మేనేజర్.' ఖాళీ అని ఉన్నచోట స్పేస్ కొట్టాలి. మొదట్లో ఆ మాట రాసుకోక, అన్నీ కలిపి కొట్టేసి ఒక పూటంతా పోగొట్టుకుంది.

ఆమెకు నలభై ఎనిమిదేళ్ళు. పుట్టిల్లు రామతీర్థం దగ్గర. ఇంటరు మధ్యలో పెళ్ళి చేసుకుని, పాతపట్నం దాటాక ఒరిస్సా సరిహద్దుకు మూడు కిలోమీటర్ల ఇవతల ఉన్న ఈ ఊరికి వచ్చింది. సహకార సంఘానికి ల్యాప్‌టాప్ వచ్చినప్పుడు దాని ముందు కూర్చోడానికి ఎవరూ ముందుకు రాలేదు. మహిళా సంఘంలో మినిట్సు పుస్తకం గుండ్రటి అక్షరాలతో రాస్తుంది కదా అని ఆమెను కూర్చోబెట్టారు. అది తొమ్మిదేళ్ళ కిందటి సంగతి. ఈలోగా కళ్ళజోడు వచ్చింది, మెడనొప్పి వచ్చింది, ల్యాప్‌టాప్ మాత్రం అదే.

మూడేళ్ళ కిందట అది తెరుచుకోడానికే అరగంట తీసుకుంటుంటే అక్క కొడుకు దత్తాత్రేయ వచ్చి, విండోస్ తీసేసి లినక్స్ వేశాడు. అతను విజయనగరంలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబులో పనిచేస్తాడు.

"దీని మంచితనం ఏటంటే పిన్నీ, నువ్వు సెప్పిందే సేస్తాది. సొంత తెలివి సూపించదు" అన్నాడు వెళ్ళేముందు.

ఈ డిసెంబరులో ధాన్యం కొనుగోలు కేంద్రాన్ని ఊరి చివర కొత్త భవనంలోకి మార్చారు. గది బాగానే ఉంది, సిగ్నలే లేదు. ఫోన్లో మాట వినిపించాలంటే కిటికీ దగ్గర నిలబడాలి, ఇంటర్‌నెట్ అక్కడ కూడా రాదు. ల్యాప్‌టాప్‌కి సిమ్ కార్డు వేసిన డాంగిల్ ఒకటి ఉంది. అది ఒకటి రెండు గీతలతో కుంటుకుంటూ నడిచేది. నిన్న సాయంత్రం లారీ డ్రైవరు రాముడు అది చూసి జాలిపడ్డాడు. పొడవాటి వైరు తెచ్చి, డాంగిల్‌ను పాలిథిన్ సంచిలో చుట్టి, వెదురుగడకు కట్టి మేడ పిట్టగోడకు నిలబెట్టాడు. తెర మీద గీతలు ఒక్కసారిగా నిండిపోయాయి. "ఇంక సూడండి మేడంగారూ, గుర్రంలా పరిగెడతాది" అన్నాడు. ఆమె సంతోషించి ల్యాప్‌టాప్ మూసేసి ఇంటికి వెళ్ళింది.

ఈ ఉదయం పది నుంచీ ఇంటర్‌నెట్ లేదు.

కేంద్రం ముందు లారీలో రైతు జగ్గమ్మ ధాన్యం బస్తాలు ఎక్కించి ఉన్నాయి. డెబ్బై రెండు. ఆన్‌లైన్‌లో ట్రక్ షీటు పుట్టి, ఆ కాగితం డ్రైవరు చేతికి వస్తేనే మిల్లు గేటు తెరుస్తారు. గేటు ఆరింటికి మూసేస్తారు. దారి గంటన్నర పైనే. బంగాళాఖాతంలో అల్పపీడనం ఉందని రెండు రోజులుగా చెబుతున్నారు. తూర్పున ఆకాశం మసిగుడ్డలా ఉంది.

"నాలుగు వరకూ సూస్తాను అప్పా" అన్నాడు రాముడు జగ్గమ్మతో. "ఆ తరవాత బస్తాలు దింపీసి ఎల్లిపోతాను. రేప్పొద్దున్న ఇంకో ఊళ్ళో లోడున్నాది."

"దింపీసి ఏటి సేత్తావురా? నీ నెత్తి మీద ఎట్టుకుంటావా?" అంది జగ్గమ్మ. ఆమె అరవై దాటిన మనిషి, ఊళ్ళో అందరికీ అప్ప, అంటే అక్క. కొడుకులు లేరు, భర్త మంచంలో ఉన్నాడు. కోత, నూర్పు అన్నీ తనే దగ్గరుండి చేయించుకుంది. "కేంద్రంలో ఉన్నది ఒక్క పరదా. దానికీ సిల్లులే. తడిసినాయంటే మూడోనాటికి మొలకలు."

ఆ మాట రాముడితోనే అన్నా, తగలవలసిన చోట తగిలింది. ఈశ్వరి తల ఎత్తలేదు. నోటుపుస్తకం మొదటి పేజీ తీసింది.

డాంగిల్‌ను ల్యాప్‌టాప్ గుర్తుపట్టిందా? పట్టింది. సిమ్ ఉందా? ఉంది. డాంగిల్‌ను నడిపే మోడెమ్ మేనేజర్‌ను ఆపి మళ్ళీ మొదలుపెట్టింది. వైరు ఊడదీసి పక్క రంధ్రంలో పెట్టింది. ల్యాప్‌టాప్‌నే ఆపి, లేపింది. రాముడు మేడెక్కి గడను రెండడుగులు పైకి జరిపాడు. గీతలు నిండుగానే ఉన్నాయి. కనెక్ట్ మీద నొక్కితే చక్రం కాసేపు తిరిగి, కనెక్షన్ విఫలమైందని ఒక వరుస వచ్చి పోతుంది. పన్నెండు సార్లు నొక్కింది. ఆ వరుస పన్నెండుసార్లూ ఒకే తీరున వచ్చింది.

పదకొండున్నరకు కిటికీ దగ్గర నిలబడి దత్తాత్రేయకు ఫోన్ చేసింది.

"ప్రాక్టికల్స్ జరుగుతున్నాయి పిన్నీ, తొందరగా సెప్పు. స్టేట్ ఏటని సూపిస్తన్నాది?"

ఆమె టేబుల్ దగ్గరకు వెళ్ళి చూసి, కిటికీ దగ్గరకు వచ్చింది. "రిజిస్టర్డ్."

"సిగ్నలు?"

మళ్ళీ టేబుల్, మళ్ళీ కిటికీ. "ఎనభై ఎనిమిది."

"బంగారంలా ఉన్నాది కదా! అయితే మోడెమ్ తప్పు కాదు. సిమ్ తీసి తుడిసి పెట్టు. ఒంటిగంటన్నరకి నేనే సేస్తాను."

సిమ్ తీసి పమిటతో తుడిచి పెట్టింది. గీతలు నిండాయి. చక్రం తిరిగింది. అదే వరుస.

ఒంటిగంటన్నరకు ఫోన్ రాలేదు. అన్నం డబ్బా సంచిలోనే ఉండిపోయింది. జగ్గమ్మ గుమ్మంలో కూర్చుని, పమిట చెంగులోంచి మరమరాలు తీసి నోట్లో వేసుకుంటోంది.

"నువ్వూ రెండు నోట్లో ఎయ్యి, ఈశ్వరమ్మా. దాని మొకం సూస్తే కడుపు నిండదు."

"ఇది అయ్యాక తింటాను అప్పా."

"పొద్దున్న కూడా ఇదే మాట అన్నావు."

రెండున్నరకు నాలుగు చినుకులు పడ్డాయి. రాముడు లారీ మీద పరదా బిగించాడు. జగ్గమ్మ టెక్కలిలో ఉన్న కూతురితో మాట్లాడతానని మేడెక్కి, పది నిమిషాల తర్వాత విసుక్కుంటూ దిగింది.

"పైకెల్లినప్పుడల్లా ఇదే గోల. మా పిల్లకి సేత్తే ఒరియా ఆవిడ మాటాడతాది. ఆవిడకేటి తెలుసు మా పిల్ల గురించి? కిందకొచ్చి సేత్తే మనావిడే, బిజీ అని తెలుగులో సెప్పింది."

రాముడు నవ్వాడు. "పైన ఒరిస్సా టవరు అప్పా. ఇక్కడ అందరికీ అంతే."

ఈశ్వరి చేతిలో పెన్ను ఆగింది. అందరికీ అంతే. ఈ ఊళ్ళో కాపురం పెట్టి ముప్ఫై ఏళ్ళైంది. ఆ ఒరియా గొంతు ఆమెకూ తెలుసు.

ఉదయం మోడెమ్ స్థితి చూడ్డానికి కొట్టిన ఆదేశమే మళ్ళీ కొట్టింది. దత్తాత్రేయ అడిగిన రెండు వరుసలు వదిలేసి, అడగని వరుసలన్నీ వేలు పెట్టి పై నుంచి కిందకు చదివింది. చివరికి దొరికింది. రిజిస్ట్రేషన్: రోమింగ్.

నోటుపుస్తకంలో వెనక్కి వెళ్ళింది. పదకొండో పేజీ. 'రోమింగ్ వద్దు అనే గడిలో టిక్కు ఉంచాలి.' కింద రెండు గీతలు. అప్పటి సెక్రటరీ గణపతిరావుగారు, లినక్స్ వేయించిన వారంలోనే, తన వెనక నిలబడి చెప్పిన మాట. "ఒరిస్సా టవరు పట్టుకుని బిల్లు పెరిగిందో, జవాబు చెప్పుకోవలసింది నువ్వేనమ్మా." అప్పుడే, ఆయన చూస్తుండగా, టిక్కు పెట్టింది. పాత గదిలో ఎప్పుడూ మన టవరే అందేది కాబట్టి ఆ టిక్కుతో పని పడలేదు. ఆయన రిటైరై రెండేళ్ళైంది. ఆ మాటను వెనక్కి తీసుకున్నవాళ్ళు లేరు.

మూడేళ్ళుగా ల్యాప్‌టాప్ ఆమె చెప్పిందే చేస్తోంది. పొద్దుటి నుంచీ కూడా.

టిక్కు ముట్టుకోకుండా చూద్దామనుకుంది. "రాముడూ, గడ దింపు. డాంగిల్ కిటికీలో పెడదాం."

"దింపితే గీతలు పోతాయి మేడంగారూ!"

"పోనీ. దింపు."

కిటికీలో ఒక్క గీత. కనెక్ట్ అయింది. రాముడు కేక పెట్టాడు. పోర్టల్ మొదటి పేజీ సగం తెరుచుకుంది. రైతు పేరు, బస్తాలు, తేమ శాతం, అన్నీ నింపింది. లోడుతో ఉన్న లారీ ఫోటో పెట్టవలసిన చోట ఆగిపోయింది. మూడు శాతం. నాలుగు. మళ్ళీ సున్నా. రెండోసారీ అంతే. గోడ గడియారం మూడూ ముప్ఫై ఐదు చూపిస్తోంది. రాముడు బయటికి వెళ్ళి లారీ వెనక తలుపు గొలుసు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

ఇప్పటి సెక్రటరీకి ఫోన్ చేసింది. ఎత్తలేదు. మళ్ళీ చేయలేదు.

"గడ మళ్ళీ ఎత్తు" అంది.

"దింపమన్నారు, ఎత్తమంటన్నారు..."

"ఎత్తరా నాయనా!" అంది జగ్గమ్మ. "నీ గడేటి కరిగిపోతాదా?"

అతను మేడెక్కుతుంటే ఈశ్వరి సెట్టింగ్స్ తెరిచింది. టిక్కు చిన్నది, ఆవగింజంత. దాని మీద బాణం పెట్టి కాసేపు అలాగే ఉంచింది. తర్వాత నొక్కింది. గడి ఖాళీ అయింది.

గీతలు నిండాయి. చక్రం తిరిగి, ఆగింది. ఫోటో ఒక్క ఊపులో వెళ్ళిపోయింది. ట్రక్ షీటు నంబరు తెర మీదకు వచ్చేసరికి మూడూ యాభై రెండు. ప్రింటరు దగ్గుతూ కాగితాన్ని కక్కింది. రాముడు దాన్ని చొక్కా లోపల పెట్టుకుని పరిగెత్తాడు. లారీ రోడ్డెక్కి మలుపు తిరిగే దాకా జగ్గమ్మ చూస్తూ నిలబడి, లోపలికి వచ్చింది.

"ఇంతకీ దానికేటైంది, తల్లీ?"

దానికి ఏదో ఒకటి చెప్పొచ్చు. మిషను పాతదనో, గాలి అనో చెబితే ఊళ్ళో ఎవరూ మళ్ళీ అడగరు.

"దానికేటీ అవలేదు అప్పా. ఎప్పుడో నేనే ఒక అడ్డు ఎట్టి మరిసిపోనాను. పొద్దున్నించీ నిన్ను ఆపింది అదే."

జగ్గమ్మ ఆమె ముఖంలోకి చూసింది. కోపం వస్తుందేమోనని ఈశ్వరి ఎదురుచూసింది.

"నువ్వు ఎట్టింది కాబట్టి నువ్వు తీసినావు" అంది జగ్గమ్మ. "ఆ పెద్దోల్లు ఎవులో ఎట్టుంటే ఆల్ల కాడికి తిరగలేక సచ్చీదాన్ని." చెంగులో మిగిలిన మరమరాలు టేబుల్ మీద, నోటుపుస్తకం పక్కన పోసి, చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

నాలుగున్నరకు దత్తాత్రేయ ఫోన్ చేశాడు. "సారీ పిన్నీ, ఎగ్జామినర్ వదల్లేదు. ఏటైంది?"

"అయిపోయిందిరా."

"ఎలాగ?"

"రాత్రి సెప్తాను." ఫోన్ పెట్టేసింది.

పదకొండో పేజీలో ఆ వరుసను కొట్టేసింది. పక్కన తేదీ వేసి, 'తీసింది నేనే' అని రాసి, సంతకం పెట్టింది. ఎవరైనా అడిగితే చూపించడానికి.

వాన ఈసారి నిజంగానే మొదలైంది. రాముడు హడావిడిలో గడ మేడ మీదే వదిలేశాడు. డాంగిల్‌కు చుట్టిన సంచి మూతి విప్పుకుని గాలికి కొట్టుకుంటోంది. ఉన్నది ఆ ఒక్క డాంగిలే. రేపు జగన్నాధం బస్తాలు ఉన్నాయి, ఎల్లుండి ఇంకెవరివో. ఈశ్వరి పమిట తలమీదకు లాక్కుని, మోకాలి మీద చెయ్యి ఆనించి, ఒక్కొక్క మెట్టే ఎక్కసాగింది.