కడిగిన కూర

దిల్‌సుఖ్‌నగర్ సందులోని ఆ కర్రీ పాయింట్‌కు బోర్డు మీద ఏ పేరున్నా, చుట్టుపక్కల హాస్టళ్ల పిల్లలకు మాత్రం అవి రూబీ అక్క కూరలు. పొద్దున ఎనిమిదింటికి ఆమె కొంగు బిగించిందంటే, పదకొండున్నరకల్లా పదకొండు రకాలు స్టీలు గిన్నెల్లో పొగలు కక్కుతుండాల్సిందే. యజమాని విశ్వేశ్వరరావుది భీమవరం వైపు. నోరారా మెచ్చుకోవడం ఆయనకు చేతకాదు. అలాంటి మనిషి ఒకసారి, "ఏవమ్మా రూబీ, ఇంట్లో సొరకాయ అంటే ముట్టను గానీ, నువ్వు పాలు పోసి వండితే వదలబుద్ధి కాదు" అన్నాడు. ఆ మాట నాలుగు రోజుల్లో మన్సూరాబాద్‌లో ఆమె ఉండే గల్లీ అంతా తెలిసిపోయింది. చెప్పింది వేరే ఎవరో కాదు, రూబీయే. తన చేతివంట అంటే ఆమెకు అంత గర్వం.

ఇంటికి చేరేసరికి ఆ చేతులు పనికిరావు. భర్త ఆనంద్ కుమార్ ఎల్బీ నగర్‌లో ఆటో నడుపుతాడు, ఎప్పుడొస్తాడో తెలియదు. మళ్లీ పొయ్యి ముట్టించే ఓపిక ఎక్కడిది? గిన్నెల్లో మిగిలిన కూరలు రోజూ నాలుగు కవర్లలో ఇంటికి వచ్చేవి. హాస్టల్ పిల్లల నాలుకకు తగ్గట్టు ఎర్రటి కారం, పైన వేలెడు నూనె. నాలుగేళ్ల కెజియా నోట్లో పెడితే ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చేది. అందుకని రూబీ ఒక గ్లాసులో నీళ్లు పెట్టుకుని, ముక్కను అందులో ముంచి, వేళ్లతో నలిపి కడిగి, అన్నంలో కలిపి పెట్టేది. చిన్నపిల్లలకు తల్లులందరూ చేసే పనే. రూబీకి వాళ్లమ్మ ఎలీశమ్మ కూడా అలాగే పెట్టింది, కానీ ఏదో నెలా రెండు నెలలు. రూబీ ఇంట్లో అది రెండేళ్లుగా సాగుతోంది.

సెప్టెంబరులో పోషణ మాసం అని అంగన్‌వాడీలో తల్లులందరినీ పిలిచారు. శనివారం. రూబీ సెలవు పెట్టి, పిల్లకు కొత్త గౌను వేసి తీసుకెళ్లింది. త్రాసు మీద కెజియా పన్నెండున్నర కిలోలే తూగింది. టీచరు తిరుపతమ్మ పుస్తకంలో రాసుకుంటూ ముఖం చిన్నది చేసుకుంది.

"రూబీ, పిల్లకు ఏం పెడ్తున్నవ్?"

ఏదో పెడుతున్న టీచర్ అని ఊరుకుంటే అక్కడితో అయిపోయేది. కానీ చుట్టూ పదముగ్గురు తల్లులు కూర్చుని వింటున్నారు.

"మా కెజియా అన్నీ తింటది టీచర్. దొండకాయ, వంకాయ, సొరకాయ, గోరుచిక్కుడు, రోజుకు నాలుగు తీర్లు. గీడ ఏ పిల్లలు తింటరు గన్ని?"

ఆ ఆఖరి మాట తలుచుకుని తర్వాత ఆమె ఎన్నిసార్లు నాలుక కరుచుకుందో లెక్కలేదు.

తిరుపతమ్మ నిజంగానే సంతోషించింది. పప్పుచారు, బిస్కెట్లు తప్ప ముట్టని పిల్లలున్న తల్లులకు కెజియాను చూపించాలనుకుంది. బల్ల మీద పళ్లేల్లో ఉప్పు వేసి ఉడికించిన కూరగాయ ముక్కలు పెట్టి ఉన్నాయి. పిల్లను దగ్గరికి పిలిచి, సొరకాయ ముక్క చూపించింది.

"ఇదేంది బిడ్డా?"

కెజియా ఆ తెల్లటి ముక్కను చూడగానే గుర్తుపట్టింది. "కడిగిన కూర."

"మరి ఇది?" ఈసారి దొండకాయ.

"అది గూడ కడిగిన కూరనే. మా మమ్మీ గ్లాసుల ముంచి కడుగుతది. అన్నీ కడిగిన కూరలే టీచర్!"

పాఠం అప్పజెప్పినంత ముద్దుగా చెప్పింది. తల్లులు పడీపడీ నవ్వారు. రూబీ వాళ్ల పై వాటాలో కిరాయికుండే సౌజన్య, "అక్కా, కూర గూడ బట్టల లెక్క ఉతుకుతవా ఏంది?" అంది. మళ్లీ నవ్వులు. వాళ్లతోపాటు నవ్వేద్దామని రూబీ పెదాలు కదిపింది గానీ నవ్వు రాలేదు. తిరుపతమ్మ మాత్రం నవ్వలేదు. అదే మరీ భరించలేకపోయింది రూబీ. వచ్చేటప్పుడు గుమ్మం దగ్గర టీచరు మెల్లగా అడిగింది.

"కడిగితే కారం ఒక్కటే పోతదా రూబీ?"

దారంతా చెవులు కాలిపోయాయి. కెజియా చెయ్యి పట్టుకుని గుంజుకుంటూ నడిచింది. గల్లీ మలుపులో ఇక ఆగలేక చెయ్యి ఎత్తింది.

"అందరి ముంగట గట్ల చెప్తరా?"

పిల్ల బెదిరిపోయి చూసింది. "మరి ఏమని చెప్పాలె మమ్మీ?"

ఎత్తిన చెయ్యి అలాగే దిగిపోయింది. బడాయి పోయింది తను, నిజం చెప్పింది పిల్ల, దెబ్బ మాత్రం పిల్లకు పడబోయింది. అంగన్‌వాడీలో పడ్డ సిగ్గు ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. ఊరందరి పిల్లలకూ వండిపెట్టే మనిషి కన్నబిడ్డకు ఒక్క పూట వండలేదు. ఏ సాకు చెప్పుకుందామన్నా తన మనసే ఒప్పుకోలేదు.

తోపుడు బండి దగ్గర లేత సొరకాయ కొన్నది. ఇంటికి రాగానే చిన్న చిన్న ముక్కలు తరిగింది. జీలకర్ర, కరివేపాకుతో పోపు, తగినంత ఉప్పు, చివర్లో చిక్కటి పాలు. కారం ఊసే లేదు. విశ్వేశ్వరరావు వదలబుద్ధి కాదన్న కూర, కెజియా కోసమే మొదటిసారి పొయ్యి ఎక్కింది.

పళ్లెం ముందు పెట్టగానే కెజియా కళ్లు మూసుకుని, "ప్రభువా, ఈ అన్నం ఇచ్చినందుకు స్తోత్రం" అంది. కళ్లు తెరిచి కూర వైపు చూసింది. లేచి వెళ్లి, గ్లాసుతో నీళ్లు తెచ్చి పళ్లెం పక్కన పెట్టింది.

"గిది కడుగొద్దు బిడ్డా. కారం లేదు, మమ్మీ నీ కోసమే చేసింది."

పిల్ల నమ్మలేదు. నమ్మడానికి రెండేళ్లలో ఆమె ఏం చేసింది గనక? కెజియా తనే ఒక ముక్క తీసి నీళ్లలో ముంచింది. తల్లి చేసినట్టే వేళ్లతో నలిపి, పాలు, ఉప్పు, జీలకర్ర అన్నీ వదిలేదాకా శుభ్రంగా కడిగి, నోట్లో వేసుకుంది. ఇంకో ముక్క తీసింది. అయిదో ముక్కకు గ్లాసులో నీళ్లు తెల్లబడ్డాయి.

రూబీ ఆ గ్లాసు అందుకుని ఒక గుక్క తాగింది. కొంచెం ఉప్పగా, కమ్మగా ఉంది. కూర రుచంతా అందులోనే ఉంది.

కెజియా కంగారుగా ఆమె చెయ్యి పట్టుకుంది. "తాగకు మమ్మీ, అవి పారబోసే నీళ్లు!"