కరెంటు పోయిన ఆదివారం

మద్యనిషేధం ఎత్తేసి అప్పటికి రెండేళ్ళయింది. నిషేధం ఉన్నన్నాళ్ళూ ఏ లోటూ లేకుండా తాగినవాణ్ణి కాబట్టి, ఎత్తేసినందువల్ల నాకు కొత్తగా ఒరిగిందేమీ లేదు. మార్టూరు దగ్గర ఒక హైస్కూల్లో లెక్కలు చెప్పేవాణ్ణి. మా ఆవిడ తిట్టినన్నాళ్ళూ నాకు దిగుల్లేదు. ఒకరోజు తిట్టడం మానేసింది. అన్నం వడ్డించి, పేపర్లోంచి కత్తిరించిన చిన్న ముక్కొకటి కంచం పక్కన పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. తాగుడు మానాలనుకునేవారు ఫోన్ చేయవచ్చని అందులో ఉంది.

మా ఊరి ఎస్టీడీ బూతులో మాట్లాడితే సాయంత్రానికి బడిలో తెలుస్తుంది. అందుకని చిలకలూరిపేట దాకా బస్సెక్కి వెళ్ళి ఫోన్ చేశాను.

"మా ఫ్రెండు ఒకాయన ఉన్నాడండీ. బాగా తాగుతాడు."

"ఏం చేస్తుంటారండీ ఆయన?" అన్నాడు అవతలాయన.

"లెక్కల మాస్టారండీ."

"మరి మీరు?"

"నేను... నేనూ లెక్కల మాస్టారినేనండీ."

"నేను మొదటిసారి చేసినప్పుడు మా బావమరిది కోసమని చెప్పానండీ. ఆయన జన్మలో చుక్క ముట్టలేదు. మీ ఫ్రెండు రాకపోయినా ఫర్లేదు, మీరు రండి. ప్రతి ఆదివారం మార్టూరులో మనలాంటివాళ్ళ మీటింగు ఉంటుంది" అన్నాడాయన.

ఆదివారం మిట్టమధ్యాహ్నం గొడుగు ముఖానికి అడ్డం పెట్టుకుని వెళ్ళాను. రాళ్ళకు పాలిష్ పట్టే యూనిట్ వెనక చిన్న గది. ఆ యూనిట్ ఓనరు తాగుడు మానేసి ఆ గదిని మీటింగుకి ఇచ్చాడు. లోపల ఎనిమిది మంది ఉన్నారు. నన్ను పేరడగలేదు, కూర్చోమన్నారు. పక్కన మిషన్లు చెవులు చిల్లులు పడేట్టు తిరుగుతున్నాయి. ఎవరి కష్టం వాళ్ళు గొంతు చించుకుని చెబితే తప్ప పక్కవాడికి వినపడదు. ఒక ముసలి మిరప రైతు, తాగి తన చేననుకుని పక్క చేనికి మందు కొట్టొచ్చిన వైనం అరిచి చెప్పాడు. ఆ హోరు చూసి నాకు ధైర్యం వచ్చింది. బయటికి ఒక్క ముక్క పోదు.

అయినా ఐదు వారాలు నోరు విప్పలేదు. ఆరో వారం రైతు నా తొడ మీద తట్టాడు. "ఏంది మాస్టారూ, నువ్వు మాకు పరీక్ష పెట్టటానికొచ్చావా? చెప్పు."

లేచి నిలబడ్డాను. ఒకసారి మొదలుపెట్టాక ఆగలేదు. బడిలో బీరువాలో సీసా దాచడం, మా ఆవిడ మీద ఒట్టు వేసి తప్పడం, అన్నీ అరిచాను. చివరికి ఎవరికీ చెప్పనిదొకటి మిగిలింది. గట్టిగా ఊపిరి పీల్చి కేకేశాను.

"పోయినేడు పదో తరగతి ప్రీఫైనల్ పేపర్లు తాగి దిద్దాను! ఒక్కటీ చదవలేదు! అందర్నీ పాస్ చేశాను!"

'పేపర్లు' అన్న దగ్గరే కరెంటు పోయింది. మిషన్లు ఆగిపోయాయి. నేను ఆగలేదు. మిగతాదంతా వీధి వీధంతా విన్నది.

ఎదురుగా టీ కొట్టులోంచి ఒక గొంతు వచ్చింది. "అట్టాగా మాస్టారూ! మావాడికి లెక్కల్లో డెబ్బై రెండు ఎట్టా వచ్చినయ్యా అనుకుంటన్నా. కొండకెళ్ళి గుండు గూడా కొట్టించుకొచ్చా గదయ్యా!"

గదిలో అందరూ పగలబడి నవ్వారు. ఆ తర్వాత నేనూ నవ్వాను.

మర్నాడు హెడ్మాస్టరు గారు పిలిచి తలుపేశారు. ఉద్యోగం పోయిందనుకున్నాను. ఆయన చాలాసేపు కళ్ళజోడు తుడుచుకుని, "ఇకమీదట మీరు దిద్దిన ప్రతి పేపరూ నాకు చూపించాలి" అని మాత్రం అన్నారు. ఊళ్ళో మాత్రం నా తాగుడు ఎవరికీ కొత్త సంగతి కాలేదు. "పదేళ్ళ నుంచి తెలిసిందే గదండీ, మానుతున్నారన్నదే కొత్త" అంది పాలామె. అప్పటినుంచి బ్రాందీ షాపు ఛాయలకు వెళితే చాలు, నలుగురు పలకరించేవాళ్ళు. "ఎటు మాస్టారూ, ఇటొచ్చారు?"

అలా ఏడు నెలలు నిలబడ్డాను. తర్వాత సింగరాయకొండలో చుట్టాల పెళ్ళి. అక్కడ నన్నెరిగిన కాపలాదారులెవరూ లేరు. తాగాను. రెండు రోజులు తాగాను. ఆదివారం తల వంచుకుని గదిలోకి వెళ్ళి ఆ సంగతి చెప్పాను. ఎవరూ నవ్వలేదు.

చివరికి రైతు అడిగాడు. "పెళ్ళికూతురు బాగుందా?"

"గుర్తులేదండీ."

"భోజనాలో?"

"తిన్నట్టు లేదు."

"అయితే ఆ పెళ్ళికి నువ్వు పోలేదయ్యా. ఈసారి ఏదన్నా పెళ్ళికి పో" అన్నాడు.

వెళ్ళాను. ఆ తర్వాత చాలా పెళ్ళిళ్ళకు వెళ్ళాను, చుక్క ముట్టకుండా. మగపెళ్ళివారు విడిదిలో కాఫీ చల్లారిందని అలగడం, పెళ్ళికొడుకు చెప్పులు పోవడం, పంతులుగారికీ బ్యాండువాళ్ళకీ పోటీ, ఇంత వినోదం జరుగుతుందని అన్నేళ్ళూ నాకు తెలియదు. ఇప్పుడు ముందు వరసలో కూర్చుని అన్నీ చూస్తాను. పైకి నవ్వితే మా ఆవిడ మోచేత్తో పొడుస్తుంది. "నెమ్మదండీ, తాగారనుకుంటారు."