అమ్మ గుండు, ఎర్ర మందు

పీయూసీ పిల్లలకు జీవశాస్త్రం చెప్పడంలో నన్ను మించినవాళ్లు బెంగళూరులో తక్కువ. నమ్మకపోతే నా క్లాసుకు రండి, వెనక బెంచీలో కూడా ఎవరూ నిద్రపోరు. కణం తన డీఎన్ఏను ఎలా కాపీ చేసుకుంటుందో, అందులో కావలసిన ముక్కను ఆర్ఎన్ఏగా ఎలా రాసుకుంటుందో చాక్‌పీసు చేతికిస్తే చాలు, ఊపిరి తిప్పుకోకుండా చెప్పేస్తాను. అలాంటి నాకు, ఆ పాఠమే మా అమ్మకు చెప్పాల్సి వచ్చిన రోజు మొదట దారే దొరకలేదు.

అమ్మకు రొమ్ము కేన్సర్. మొదటి కీమో అయింది. ఆ మందు ఎర్రగా దానిమ్మ రసంలా ఉంటుంది. కొన్నాళ్లకు దువ్వెన పెడితే జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడి రావడం మొదలైంది. రోజూ అది చూసి కుమిలిపోవడం కంటే ఒక్కసారే నయమని గుండు చేయించాం.

మా ఇల్లు బళేపేటలో, మా గాజుల అంగడి మీదనే. అంగట్లో కూర్చునేది అమ్మే. గుండు చేయించిన మర్నాడు అలవాటుగా కిందికి దిగింది. ఎదురంగడి ఆవిడ చూస్తూనే రెండు చేతులూ జోడించి, "ఏమక్కా, తిరుపతికి పొయ్యొచ్చినావా? చెప్పనే లేదే! లడ్డు ఏది?" అంది. మనవాళ్లకు గుండు కనబడితే కొండే గుర్తొస్తుంది గానీ ఆసుపత్రి గుర్తు రాదు. అమ్మ అవునన్నట్టు తల ఊపేసింది.

అంతే, మధ్యాహ్నానికల్లా వీధి వీధంతా ప్రసాదానికి చెయ్యి చాపింది. స్వీటు అంగట్లో నాలుగు లడ్లు కొనుక్కొచ్చి పంచేద్దామన్నాను. అమ్మ మండిపడింది.

"సామి పేరు చెప్పి అంగడి లడ్లు పంచేదా? నీకేమన్నా బుద్ధి ఉండాదా?"

అటు నిజం చెప్పలేక, ఇటు అబద్ధాన్ని నిలబెట్టుకోలేక మేడ మీద తలుపు వేసుకు కూర్చుంది. రెండో కీమోకు వెళ్లాలంటే ఆ మెట్లే దిగాలి, ఆ వీధిలోనే నడవాలి. ఇక రేపే వెళ్లాలనగా పొద్దున్నే తేల్చి చెప్పేసింది.

"నా వల్ల కాదప్పా, నేను రాను. జబ్బు రొమ్ములో ఉండాది. ఆ మందు పోయి నా జుట్టు పీకింది, నోరంతా పుండ్లు చేసింది. తప్పు ఎవురిదో తెలీని మందు నాకొద్దు."

నాకు కోపం వచ్చింది. అంతకంటే ఎక్కువ భయం వేసింది. ఇప్పుడు ఆపేస్తే అమ్మ నాకు దక్కదు. ఆ కంగారులో క్లాసులో చెప్పినట్టే మొదలుపెట్టాను. అమ్మ మధ్యలోనే ఆపేసింది.

"పిల్లోళ్లకు చెప్పేదంతా నాకొద్దు. నా జుట్టు ఏం తప్పు చేసిందో అది చెప్పు."

"తప్పేమీ చెయ్లేదుమా. అది ఊరుకోకుండా పెరుగుతా ఉంటాది, అంతే" అన్నాను.

అక్కణ్ణుంచి దారి దొరికింది. ఒక కణం రెండు కావాలంటే ముందు తన డీఎన్ఏకు కాపీ తీసుకోవాలి. డీఎన్ఏ అంటే మెలితిరిగిన నిచ్చెన. అది నిలువునా విడిపోతుంది, ఒక్కో సగం తనకు సరిపడే జోడీలను తెచ్చి ఎదురుగా కూర్చోబెట్టుకుంటుంది. చివరికి రెండు నిచ్చెనలు తయారవుతాయి, ఒక్కోదాంట్లో సగం పాతది, సగం కొత్తది. ఎర్ర మందు పోయి ఆ మెట్ల మధ్య దూరి కూర్చుంటుంది. కాపీ పని నడిమధ్యలో చిక్కుపడి డీఎన్ఏ పోగులు తెగుతాయి, కణం చస్తుంది. ఎవరు కాపీ చేసుకుంటూ ఉంటే వాళ్లే దానికి ఎక్కువగా దొరికిపోతారు. కేన్సర్ కణాలు ఆగకుండా చేసేది ఆ పనే. జుట్టు కుదుళ్లకూ నోటి లోపలి చర్మానికీ కూడా ఆ పనిలో తీరిక ఉండదు.

అమ్మ గుండు మీద చెయ్యి వేసుకుంది. "అట్లయితే నాకు మళ్లా జుట్టు రాదా?"

"వస్తాది" అన్నాను గట్టిగా.

పెళ్లి గాజుల రంగు కుదరడానికి పట్టుచీర పట్టుకొచ్చేవాళ్లను గుర్తు చేశాను. చీరను ఎవరూ అంగట్లో వదిలి వెళ్లరు. అమ్మ రంగుల వరస ఒక చీటీ మీద రాసుకుంటుంది, ఆ చీటీ చూసి గాజుల సెట్టు కడతారు, పనయ్యాక చీటీ చెత్తబుట్టలోకి పోతుంది. కణంలోనూ అంతే. డీఎన్ఏ లోపలే భద్రంగా ఉంటుంది. కావలసిన ముక్క మాత్రం ఆర్ఎన్ఏగా రాసుకుని బయటికి వస్తుంది, దాన్ని చదివి కణం ప్రోటీన్ చేస్తుంది. వెంట్రుక అలా తయారైన ప్రోటీనే. కుదుళ్లలో బతికిన కణాల దగ్గర ఆ డీఎన్ఏ ఇంకా ఉంది. మందు అయిపోయాక అవి మళ్లీ పని మొదలుపెడతాయి.

"ఒక కీమోకూ ఇంకొక కీమోకూ నడిమిట్ల గ్యాప్ ఎందుకిస్తారో తెలుసునా?" అన్నాను. "మంచి కణాలు తేరుకోవల్లని. తెగింది అతికించుకునేది వాటికి బాగా తెలుసు, కేన్సరుకు అంత తెలీదు. నువ్వు రేపు రాకపోతే ఆ గ్యాప్ దానికీ దొరుకుతాది. అదీ తేరుకుంటాది." అమ్మ చెయ్యి పట్టుకున్నాను. "నాకు నువ్వు కావల్లమా" అనేశాను.

మర్నాడు అమ్మ చీర కట్టుకుని తయారైంది. తలకు కట్టుకోమని స్కార్ఫ్ ఇస్తే పక్కన పెట్టేసింది. కిందికి దిగి నేరుగా ఎదురంగడి ముందు నిలబడింది.

"తిరుపతికి పోలేదప్పా నేను. కేన్సర్ వచ్చిండాది. మందుకు జుట్టు పోయింది, మళ్లా వస్తాది. అంతవరకూ లడ్డు అడగద్దు."

ఆవిడ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "ఏడ్చేది తర్వాత చూస్తాం, నా అంగడి కొంచెం చూసుకో" అని అమ్మ తాళాలు ఆవిడ చేతిలో పెట్టింది. నాకు అమ్మను వీధిలోనే కౌగిలించుకోవాలనిపించింది గానీ ఆటో వచ్చేసింది.

ఆసుపత్రిలో నర్సు ఎర్ర మందు తగిలించి వెళ్లింది. గొట్టంలో ఆ రంగు మెల్లగా చేతి వైపు జారుతోంది. అమ్మ రెప్ప వేయకుండా దాన్నే చూస్తోంది.

"ఇప్పుడు ఆ కేన్సరు కాపీ చేసుకుంటా ఉంటాదా?" అంది.

"ఉంటాదిమా."

"చేసుకోనీ" అంది అమ్మ, చెయ్యి ఇంకొంచెం ముందుకు చాపి. "పనిలో ఉన్నప్పుడే పట్టుకోవల్ల."