పద్నాలుగో నంబరు బిళ్ల

పోయిన ఆదివారం మధ్యాహ్నం మా ల్యాంపు తాత చనిపోయాడు. చర్చి నుంచి వచ్చి, చెప్పులు విడిచి, మంచినీళ్లు అడిగి, అవి చేతికి అందేలోగా వెళ్లిపోయాడట. కూరగాయలకు పోయి వస్తున్న మా నాయన దారిలో విని నాకు ఫోన్ చేశాడు. "బిడ్డా, తాత లేడు" అన్నాడు. 

వాళ్లింటికి పోతూ కమ్యూనిటీ హాలు పక్కనున్న మా చదువుల గది ముందు ఆగాను. కిటికీలోంచి గోడ మీది బోర్డు కనిపిస్తుంది. ఇరవై మేకుల్లో పందొమ్మిది ఖాళీ. ఒక్కదానికి మాత్రం రేకు బిళ్ల వేలాడుతోంది. పద్నాలుగు. శనివారం సాయంత్రం గదికి తాళం వేసేటప్పుడు తాత దాన్నే చూస్తూ నిలబడిన సంగతి గుర్తొచ్చింది.

తాత మాకు చుట్టం కాదు. గోదావరిఖనిలో మా క్వార్టర్ల వరసలో చివరి ఇల్లు ఆయనది. ఉద్యోగమంతా బొగ్గుబాయి మీద, దీపాలిచ్చే ల్యాంపురూంలో చేశాడు. గనిలోకి దిగే మనిషి తన నంబరు బిళ్ల అక్కడ ఇచ్చి దీపం తీసుకుంటాడు. పైకి వచ్చాక దీపం ఇచ్చి బిళ్ల తీసుకుంటాడు. షిఫ్టు అయిపోయినా బిళ్ల మేకుకే ఉందంటే ఆ మనిషి ఇంకా భూమి లోపలే ఉన్నట్టు. "ఒక్క బిళ్ల మిగిలినా నాకు బువ్వ దిగకపోయేది" అనేవాడు తాత.

నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు ఒక సంస్థ వాళ్లు మా కాలనీకి ఇరవై ట్యాబ్‌లు ఇచ్చారు. వాటిలో పాఠాలు చెప్పి, ప్రశ్నలడిగి, తప్పు చేస్తే దారి చూపించే ట్యూటర్ ఉంటుంది. పిల్లలం దానికి మిషన్ సార్ అని పేరు పెట్టుకున్నాం. ఆ ట్యాబ్‌ల గది తాళంచెవి ఎవరి దగ్గరుండాలా అని పెద్దవాళ్లు అనుకుంటుంటే, ఏడో తరగతితో చదువు ఆపేసిన తాత ముందుకొచ్చాడు. "దీపాలిచ్చినోన్ని, గీ పలకలు ఇచ్చుడు నాకు రాదా?" అన్నాడు. నూనె డబ్బాల రేకు కత్తిరించి, మేకుతో నంబర్లు కొట్టి, బోర్డు తయారు చేశాడు. బిళ్ల పెట్టి ట్యాబ్ తీసుకోవాలి. తిరిగిచ్చేటప్పుడు ఆ రోజు నేర్చుకున్నది ఒక్కటైనా తాతకు అర్థమయ్యేట్టు చెప్పాలి. అప్పుడే బిళ్ల చేతికొచ్చేది.

మిషన్ సార్‌ను నేను తక్కువ చేసి మాట్లాడను. మా ఇంట్లో బడి మెట్లు ఎక్కినవాళ్లలో నేనే మొదటిదాన్ని. సందేహం వస్తే అడగడానికి ఇంట్లో ఎవరూ లేరు. అదే పాఠం పదిసార్లు అడిగినా విసుక్కోకుండా చెప్పింది ఆ మిషనే. తాతకు దాని మీద ఉన్న ఫిర్యాదు ఒక్కటే. "ఎవ్వరినన్న ఒక్కమాటన్న తిట్టిండానే మీ సారు? అందరికి 'అద్భుతం' అనుడేనాయె!"

పదో తరగతిలో త్రికోణమితి నాకు ఎక్కలేదు. అయితే ఒక కిటుకు కనిపెట్టాను. మూడుసార్లు తప్పు కొడితే మిషన్ సారే మొత్తం చేసి చూపిస్తాడు. తర్వాత వచ్చే లెక్క కూడా అలాగే ఉంటుంది, నంబర్లు మారిస్తే సరి. అలా ఒక సాయంత్రం అన్నింటికీ పచ్చ గుర్తులు తెచ్చుకుని తాత ముందుకు పోయాను. ఎత్తు కనుక్కునే సూత్రం గడగడా అప్పజెప్పాను.

"మంచిగనే ఉంది. గాని, పైకెక్కకుండ ఎత్తు ఎట్ల తెలుస్తదే?" అన్నాడు.

"సూత్రం చెప్పిన గద తాతా!"

"నాకు సమజ్ కాలె."

నాకు కోపం వచ్చింది. "మిషన్ సారే రైటన్నడు. నీకేం తెలుసని అడుగుతున్నవు?"

ఆయన నవ్వాడు. "ఏం తెల్వదు గనుకనే అడుగుతున్న బిడ్డా. తెలిసినోడు సగం చెప్పంగనే తలకాయ ఊపుతడు. నేను ఊప."

బిళ్ల మేకుకే ఉండిపోయింది. మూడో రోజు దారానికి రాయి కట్టిన కోణమానిని పట్టుకుని తాతను కాలనీ నీళ్ల ట్యాంకు దగ్గరికి తీసుకుపోయాను. ట్యాంకు కొన కోణమానినిలో నలభై ఐదు డిగ్రీల దగ్గర కనిపించేదాకా వెనక్కి వెనక్కి నడిచాం. టేపుతో దూరం కొలిచాం.

"అంటె మనం ఎంత దూరం వస్తె అంత ఎత్తా?"

"మన కండ్ల ఎత్తు గూడ కలపాలె తాతా."

"కలుపకపోతె ట్యాంకు గుస్సయితదా?"

ఎందుకు కలపాలో నేల మీద గీసి చెప్పాను. చెబుతుంటే నాకే మొదటిసారి అర్థమైంది. తాత ట్యాంకు వైపు, నా గీత వైపు మార్చి మార్చి చూసి, "ఇగ వోయి బిళ్ల తీస్కో" అన్నాడు. ఈరోజు నేను డిగ్రీలో లెక్కలు చదువుతూ సాయంత్రాలు ఆ గదిలో పిల్లలతో కూర్చుంటున్నానంటే, ఆ మూడు రోజులు నా బిళ్ల నాకు దొరకకపోవడం వల్లే.

తాతను మట్టిచేసిన రెండో రోజు సంస్థ తరఫున ఒక సార్ చదువుల గదికి వచ్చారు. మంచివారే, తాత ఫొటోకు దండం పెట్టుకున్నారు. తర్వాత విషయం చెప్పారు. "కొత్త ట్యూటర్ ఫోన్‌లోనే మాట్లాడుతుందమ్మా. పిల్లలు ఇంట్లోనే నేర్చుకుంటారు. ఇక ఈ గది అవసరం లేదు. నెలాఖరుకు ట్యాబ్‌లు తీసుకుపోతాం." తన ఫోన్‌లో పట్టిక చూపించారు. ఇరవై పేర్లూ పచ్చగా ఉన్నాయి. "ఈ అమ్మాయిని చూడండి, అందరికంటే ముందుంది" అని వేలు పెట్టింది పద్నాలుగో నంబరు మీద.

నేను బోర్డు వైపు చూశాను. ఆ బిళ్ల రెండు వారాల కింద ట్యాబ్ ఇంటికి తీసుకుపోయిన ఎనిమిదో తరగతి పిల్లది. ఆ పిల్ల మళ్లీ గదికి రాలేదు.

ఆ సాయంత్రమే వాళ్లింటికి పోయాను. వాళ్లమ్మ పనికి పోతుంది. వాళ్లవ్వ జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. కట్టు విప్పారు గాని ఒంటరిగా వదల్లేరు. అందుకే పిల్ల ఇల్లు కదలడం లేదు.

"చేస్తున్న గదక్కా, స్టార్లు చూడు" అంది.

"స్టార్లు తర్వాత. ఎక్స్ పక్కనున్న నంబరు ఈక్వల్‌టు దాటి అటుపోతే గుర్తెందుకు మారుతదో చెప్పు."

పిల్ల తల దించుకుంది. "మూడుసార్లు తప్పు కొడితె ఆయనే చెప్తడక్కా" అంది. నా కిటుకే. నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

మంచం మీంచి అవ్వ అందుకుంది. "తాత ఉంటె దీని సంగతి చెప్పెటోడు. నాకా, అక్షరం ముక్క రాదు."

అప్పుడు తట్టింది నాకు. "రాకపోతేనే మంచిది. రేపు నువ్వు గూడ రావాలె అవ్వా."

మరునాడు నేనూ మా నాయనా చెరో పక్క పట్టుకుని అవ్వను రెండు వరసలు నడిపించి తెచ్చాం. బోర్డు కింద తాత కుర్చీలో కూర్చోబెట్టాం. పిల్ల ఎదురుగా నిలబడింది.

"ఎక్స్ అంటె ఎవరే?"

"మనిషి కాదవ్వా, మనకు తెల్వని నంబరు."

"తెల్వనిదానికి పేరెందుకు?"

"తెలిసేదాక ఏదో ఒకటి పిలువాలె గదనే!"

గదిలో పిల్లలంతా నవ్వారు. పిల్ల మాత్రం ఆగి ఆలోచించడం మొదలుపెట్టింది.

నెలాఖరున సార్ ట్యాబ్‌ల కోసం వచ్చినప్పుడు ముందు ఆయన్ను ఆ కుర్చీలో కూర్చోమంటాను. పట్టికలో పచ్చగా ఉన్న ఏ పిల్లనైనా పిలిచి, ఏమీ తెలియనట్టు ఒక్క ప్రశ్న అడగమంటాను. ఆ తర్వాత కూడా తీసుకుపోతానంటే ట్యాబ్‌లు తీసుకుపోనీ. పిల్లలు ఇంటి ఫోన్‌లోనే నేర్చుకుని వస్తారు. రేపు ఇంకెంత తెలివైన మిషన్ వచ్చినా సరే, నేర్చుకున్నది వచ్చి చెప్పడానికి ఈ గది ఉంటుంది. ఈ బోర్డు ఉంటుంది. తాళంచెవి ఇప్పుడు నా దగ్గరుంది.

అవ్వ వచ్చిన ఆ సాయంత్రం పిల్ల రెండు చేతులూ తక్కెడ పళ్లాల్లా చాచి, ఒక పక్క తీస్తే రెండో పక్కా తీయాలని ఎంతో చెప్పింది. అవ్వ అంతా విని, "సగమే సమజయింది. రేపు మల్ల చెప్పు" అంది. పిల్ల నా వైపు చూసింది. నేను బిళ్ల తీసివ్వలేదు.

వాళ్లిద్దరూ మా నాయన ఆసరాతో ఇంటికి బయలుదేరారు. రోడ్డు మలుపు దాకా పిల్ల చేతులు పైకీ కిందికీ ఆడుతూనే ఉన్నాయి, అవ్వ తల అడ్డంగా ఊగుతూనే ఉంది. వెనక గదిలో, ఫ్యాను గాలికి, పద్నాలుగో బిళ్ల గోడకు టకటకమని తగులుతోంది.